పాత కారుకు ఎవరో బిగించిన డిస్కు బ్రేకులు: భాగాలను గుర్తుపట్టే పద్ధతి

సభకు నమస్కారం.

పాత కార్లను ప్రాణంగా చూసుకునే మీ అందరి ముందు నేను ఈరోజు మాట్లాడదలచుకున్నది ఒక్క చిక్కు గురించే. డ్రమ్ము బ్రేకులతో, అంటే చక్రంతో తిరిగే డబ్బాను లోపలి నుంచి ఒత్తే బ్రేకులతో, తయారైన కారుకు ఎప్పుడో ఎవరో రెండు వైపుల నుంచి ప్యాడ్లు నొక్కి పట్టే డిస్కులు బిగిస్తారు, లేదా ఉన్న చిన్న డిస్కులు తీసేసి పెద్దవి పెడతారు. ఆ పనికి సంబంధించిన ఒక్క కాగితం ముక్క కూడా లేకుండా కారు చేతులు మారుతూ మన దగ్గరికి వస్తుంది. కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది. ప్యాడ్లు అరిగిన రోజున దుకాణానికి వెళ్లి కారు పేరు, మోడల్ సంవత్సరం చెబితే, వాళ్లిచ్చిన ప్యాడ్లు కాలిపర్‌లో, అంటే ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగంలో, పట్టవు.

1953లో డన్‌లప్ డిస్కు బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ లె మాన్స్ పోటీ గెలిచింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్‌కు ముందు చక్రాలకు డిస్కులున్నాయి. అయినా 1960లలో కూడా ఎన్నో కార్లు నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే తయారయ్యాయి కాబట్టి, వాటిని మార్చుకునే పని అప్పటి నుంచి ఇప్పటిదాకా సాగుతూనే ఉంది. ఆ మార్పు చేసిన చిన్న వర్క్‌షాపుల్లో చాలా వాటికి పేరు కూడా మిగలలేదు. అందుకే ఈ కిట్ ఎవరు చేశారని వెతకడంలో నెలలు పోగొట్టుకోవద్దని నా మనవి. వెతకవలసింది ఒక్కొక్క భాగం ఏ బండి కోసం పుట్టిందన్న సంగతిని. ఫోర్డ్ ముస్టాంగ్ 2 కారు తరహా ముందు సస్పెన్షన్‌కు అమ్మే 11 అంగుళాల కిట్లలో తరచుగా కనిపించే కూర్పునే చూడండి: స్పిండిల్, అంటే చక్రం తిరిగే ఇరుసు ముక్క, ముస్టాంగ్ 2ది, డిస్కు అమెరికన్ ఫోర్డ్ గ్రనాడాది, కాలిపర్ జనరల్ మోటార్స్ కార్లది. అవి బిగించిన కారేమో వీటిలో దేనికీ సంబంధం లేనిది కావచ్చు.

పనిలోకి దిగే ముందు ఒక జాగ్రత్త. పాత ప్యాడ్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి కంప్రెసర్ గాలితో దాన్ని ఊదవద్దు, తడిపి తుడవండి. ఏ భాగాన్నయినా విప్పకముందే, వాషర్ ఏ వైపుంది, పైపు ఎటు నుంచి వచ్చింది అన్నవి తెలిసేలా ఫోటోలు తీసుకోండి.

మొదట కాలిపర్ దగ్గరికి వద్దాం. పోత పోసిన భాగం ఏదైనా తన మీద ఏదో ఒక గుర్తు మోస్తూ ఉంటుంది, కానీ అది రంగు కిందో తుప్పు కిందో దాగి ఉంటుంది. గ్రైండర్ పెడితే ఆ అక్షరాలే అరిగిపోతాయి. రంగును దాన్ని కరిగించే మందుతో మెత్తబరిచి, ఇత్తడి తీగల బ్రష్‌తో రుద్ది, పైన సుద్ద రాసి, టార్చిలైటును పక్క నుంచి ఏటవాలుగా పట్టుకుంటే కంటికి ఆనని అంకెలు కూడా లేచి కనిపిస్తాయి. నేను చూసిన ఒక డాట్సన్ 240జెడ్ కారుకు ముందువైపు నాలుగు పిస్టన్ల కాలిపర్లు ఉన్నాయి. దాని యజమాని అవేవో రేసు కారు భాగాలని నమ్మి, ఆ దిక్కున చాలాకాలం వెతికారు. మందమైన ఎర్ర రంగు కరిగించి సుద్ద రాసేసరికి, ఒక అర వేలెడు మేర ‘ఎస్12డబ్ల్యూ’ అన్న పోత అక్షరాలు బయటపడ్డాయి. అది టొయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ కాలిపర్. ఆ బండ్లదే ‘ఎస్12+8’ అనే కాలిపర్ 240జెడ్ సొంత డిస్కు మీదే, అంటే మధ్యలో గాలి సందులు లేని డిస్కు మీదే కూర్చుంటుంది. ఎస్12డబ్ల్యూ మాత్రం గాలి సందులున్న మందపాటి డిస్కుకు చేసింది. అంటే ఆ ఒక్క గుర్తు కాలిపర్‌తో పాటు డిస్కు కూడా మారిందని చెప్పేసింది. తరువాత కొలిచి చూస్తే డిస్కు 1984 నాటి నిస్సాన్ 300జెడ్‌ఎక్స్‌ది అని తేలింది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పోత అంకె వేరు, విడిభాగం అంకె వేరు. ఒకే పోత నుంచి వేర్వేరు పిస్టన్ కొలతలతో, వేర్వేరు మరలతో రెండు మూడు రకాల కాలిపర్లు రావచ్చు. కాబట్టి పోత అంకె దొరికినా, ప్యాడ్ తీసి పిస్టన్ ముఖం వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలిచి సరిచూసుకోవాలి. అలాగే బ్రేకు ద్రవంలో చేరిన గాలిని బయటికి తీసే నిపుల్ ఎటుందో చూడండి. అది పిస్టన్లకు పైభాగాన లేకపోతే, బిగించినవారు కుడి ఎడమలు తారుమారు చేశారని అర్థం. ఆ బ్రేకులో గాలి ఎంత తీసినా పూర్తిగా పోదు.

డిస్కును గుర్తించడానికి వ్యాసం, మందం, టోపీ ఎత్తు (డిస్కు నడుమ ఉబ్బెత్తుగా ఉండే భాగం ఎత్తు), నడిమి రంధ్రం, స్టడ్డుల వలయం (చక్రాన్ని బిగించే మరమేకులు నిలిచిన వృత్తం) అనే అయిదు కొలతలు కావాలి. నాలుగు స్టడ్డులుంటే ఎదురెదురు స్టడ్డుల మధ్యబిందువుల దూరమే వలయ వ్యాసం. అయిదుంటే పక్కపక్క స్టడ్డుల మధ్యదూరాన్ని 1.701తో గుణించాలి. ఆ మధ్యదూరం 67.2 మిల్లీమీటర్లు వస్తే వలయం 114.3, 70.9 వస్తే 120.65. మొదటిది ఫోర్డ్, క్రైస్లర్ కార్లలో విరివిగా కనిపించే కొలత, రెండవది జనరల్ మోటార్స్ వారిది. ఆ స్టడ్డుల మధ్యదూరాల తేడా నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు కాబట్టి టేపుతో కొలిచి తృప్తి పడకూడదు. అయితే స్టడ్డు రంధ్రాలను తిరిగి వేసిన డిస్కులూ ఉంటాయి. పాత రంధ్రాల ఆనవాళ్లు పక్కనే కనిపిస్తే, స్టడ్డుల వలయాన్ని నమ్మకుండా మిగిలిన నాలుగు కొలతలతోనే వెతకండి. టోపీ అంచున పోసిన కనీస మందం అంకె కూడా సాయపడుతుంది.

బేరింగులంత నిజాయితీగా మాట్లాడే భాగం నాకు ఇంకొకటి కనబడలేదు. వాటి రింగు మీద చెక్కిన సంఖ్య ఏ కంపెనీ చేసినా సాధారణంగా మారదు. లోపలి రింగు మీద ‘ఎల్‌ఎం11949’ అని ఉంటే దాని రంధ్రం 19.05 మిల్లీమీటర్లు, ‘ఎల్‌ఎం67048’ అని ఉంటే 31.75. ఈ రెండు సంఖ్యల జతతో స్పిండిల్ వంశం చాలావరకు తేలిపోతుంది. ప్యాడ్ల విషయం సులువు: కాగితం మీద ఉంచి పెన్సిల్‌తో గీసి, మందం కొలిచి, బొమ్మలున్న కేటలాగుతో పోల్చండి. అమెరికన్ ప్యాడ్ల ఆకారానికి డి52, డి154 వంటి సంఖ్యలుంటాయి. అంచు మీద కనిపించే ‘ఎఫ్‌ఎఫ్’ వంటి జంట అక్షరాలు ఘర్షణ తరగతిని మాత్రమే చెబుతాయి, ఆకారాన్ని చెప్పవు.

ఇక మరల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే గుర్తింపులో జరిగే పొరపాటు ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. వేర్వేరు బండ్ల భాగాలు కలిసిన చోట అంగుళాల మర, మెట్రిక్ మర ఒకదానికొకటి ఎదురుపడతాయి. అంగుళానికి 24 చుట్లున్న 3/8 అంగుళాల మర వ్యాసం 9.53 మిల్లీమీటర్లు, చుట్ల ఎడం 1.06. మెట్రిక్ ఎం10 సన్న మరకు వ్యాసం 10, ఎడం 1. ఎం10 రంధ్రంలో 3/8 నట్టు, అంటే పైపు కొసన బయటి మరతో ఉండే నట్టు, హాయిగా దిగుతుంది, కాస్త బిగుస్తుంది కూడా. కానీ లోపల మర పళ్లు అంచుల దగ్గరే పట్టుకుని ఉంటాయి. గట్టిగా బ్రేకు నొక్కిన క్షణాన ఆ పట్టు ఊడిపోవచ్చు. నట్టు సగం దిగాక పక్కకు కదిపి చూడండి. ఊగితే అక్కడే ఆపి, థ్రెడ్ గేజి పెట్టండి. పైపు కొసను కూడా చూడాలి: అంగుళాల పైపు కొస రెండు మడతలతో గరాటులా విచ్చుకుని ఉంటుంది, మెట్రిక్ పైపు కొస చాలా చోట్ల బుడగలా గుండ్రంగా ఉంటుంది. ఒకదాని గూట్లో ఇంకొకటి కూర్చోదు.

కాలిపర్లను గుర్తించి అక్కడితో ఆగిపోతే సగం పనే అయినట్టు. పెడల్ నొక్కినప్పుడు బ్రేకు ద్రవాన్ని పైపుల్లోకి నెట్టేది మాస్టర్ సిలిండర్. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండర్లలో పైపులో కొంత ఒత్తిడిని, చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్లు, నిలిపి ఉంచే వాల్వు తరచుగా ఉంటుంది. అది డిస్కులకు పడదు. కారును స్టాండ్ల మీదికి ఎత్తి, పెడల్ నొక్కి వదిలి చక్రం తిప్పండి. తిరగడానికి మొరాయిస్తే ఆ వాల్వును అనుమానించాలి. ఇందాక చెప్పిన 240జెడ్‌లో ఇబ్బంది వేరు, పెడల్ మరీ లోతుకు పోయేది. కొత్త కాలిపర్ల పిస్టన్లు పెద్దవైనా మాస్టర్ సిలిండర్ మాత్రం పాత 7/8 అంగుళాలదే. 280జెడ్‌ఎక్స్ నుంచి తీసిన 15/16 అంగుళాల సిలిండర్ పెట్టాక అది సర్దుకుంది.

చివరికి మిగిలేది కాలిపర్‌ను స్పిండిల్‌కు పట్టి ఉంచే బ్రాకెట్. దానిమీద పేరు ఉండదు, అంకె ఉండదు. రంధ్రం అంచు గ్యాసుతో కోసినట్టు గరుకుగా ఉన్నా, స్పిండిల్ పోతకు వెల్డింగ్ చేసి ఉన్నా, ఎడం సరిపెట్టడానికి వాషర్లు దొంతరగా వేసి ఉన్నా, దాని పుట్టుక తెలుసుకోవడానికి నేను ఒక్క గంట కూడా వెచ్చించను. కొలతలు తీసుకుని, నమ్మకమైన లేత్ పనివారి చేత కొత్తది చేయిస్తాను. వెల్డింగ్ తగిలిన స్పిండిల్‌ను కూడా మార్చేస్తాను. బోల్టుల తలలూ చూడాలి. మెట్రిక్ బోల్టు మీద 10.9 అనో, అంగుళాల బోల్టు మీద గ్రేడ్ 8ని తెలిపే ఆరు గీతలో ఉండాలి. ఏమీ లేని నున్నటి తల ఉన్న బోల్టుకు కాలిపర్ దగ్గర చోటు లేదు.

తెలుసుకున్నదంతా ఒక కాగితం మీద రాసి కారులోనే ఉంచండి. ఆ 240జెడ్ గ్లవ్ బాక్సులో ఇప్పుడున్న కాగితం ఇలా ఉంది: కాలిపర్, టొయోటా ఎస్12డబ్ల్యూ. డిస్కు, నిస్సాన్ 300జెడ్‌ఎక్స్, 1984. మాస్టర్ సిలిండర్, 280జెడ్‌ఎక్స్, 15/16. హబ్‌కూ (చక్రాన్ని మోసే నడిమి భాగానికీ) డిస్కుకూ నడుమ ఉన్న అల్యూమినియం స్పేసర్, గుర్తులేమీ లేవు, కొలతల బొమ్మ వెనుక ఉంది.