పోలీసు ఉద్యోగానికి అప్లై చేసే ముందు

అందరికీ నమస్కారం. కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని గ్రంథాలయం వాళ్లు పిలిచారు. పరీక్ష ఎలా పాసవ్వాలో చెప్పడానికి మీ కోచింగ్ మాస్టార్లు ఉన్నారు. అసలు ఈ ఉద్యోగానికి రావాలా వద్దా అన్నది ఒక్కటే నేను మాట్లాడతాను. 1986లో కానిస్టేబుల్‌గా చేరాను, 38 ఏళ్లు చేసి ఏఎస్ఐగా రిటైరయ్యాను.

ట్రైనింగ్ అయి స్టేషన్‌కు వచ్చిన రెండో నెల. పక్క ఊరి చెరువులో శవం తేలిందని కబురొచ్చింది. తీసి గట్టు మీద పడుకోబెట్టేసరికి చీకటి పడింది. పంచనామా తెల్లారాకే. అప్పటిదాకా కాపలా ఉండమని నన్నూ ఆ ఊరి తలారినీ వదిలి వెళ్లారు. కుక్కలు దగ్గరికి రాకుండా చూడాలి, అదీ డ్యూటీ. వాసనకు రెండుసార్లు వాంతి చేసుకున్నాను. తలారి తన చుట్ట నా చేతిలో పెట్టి, ‘పొగ పీల్చండయ్యా, వాసన తెలీదు’ అన్నాడు.

పొద్దున హెడ్ కానిస్టేబుల్‌గారు వచ్చి శవం మీది చొక్కా కాలరు తిప్పి చూశారు. లోపల టైలరు పట్టీ, అక్షరాలు సగం చెరిగిపోయాయి. బొటనవేలితో బురద తుడిచి ఊరి పేరు చదివారు. బస్సెక్కి పోయి ఆ టైలర్ని పట్టుకున్నాం. కుట్టు చూసి ఫలానావాళ్లదని చెప్పేశాడు. ఆ ఇంటికి వెళ్లేసరికి చనిపోయినాయన భార్య అరుగు మీద బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, ‘ఎక్కడున్నాడయ్యా?’ అని అడిగింది. నాకు నోరు పెగల్లేదు. హెడ్డుగారే చెప్పారు.

మగపిల్లలు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తగలరా అని గ్రౌండ్‌లో చూస్తారు. వాళ్లు 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నారా అని కొలుస్తారు. ఆ అరుగు ముందు నిలబడగలరా అన్నది మాత్రం ఎవరూ పరీక్ష పెట్టరు. మీకు మీరే పెట్టుకోవాలి.

మీలో చాలామందికి ముందు ఒక గవర్నమెంటు ఉద్యోగం కావాలి. ఇంటి పరిస్థితి అలాంటిది. అందులో తప్పేం లేదు, నేనూ అలాగే వచ్చాను. కానీ ఆ దారి ఎంత పొడుగో లెక్క వేసుకోండి. మన ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ పెట్టారు. ఫిజికల్స్ 2024 డిసెంబరు చివర్లో గానీ మొదలవలేదు. ఫైనల్ రాత పరీక్ష 2025 జూన్‌లో జరిగితే, ఆగస్టులో ఫలితాలొచ్చాయి. రెండున్నరేళ్లు దాటిపోయాయి. ఆ మధ్యలో పెళ్లి సంబంధాలు తప్పిపోయినవాళ్లు, చేస్తున్న ఉద్యోగం మానేసి గ్రౌండ్ చుట్టూ తిరిగినవాళ్లు నాకు తెలుసు. చేతిలో ఇంకో పని పెట్టుకునే ప్రయత్నించండి.

స్టేషన్లలో పనిచేసే సివిలా, బెటాలియన్లలో ఉండే ఏపీఎస్పీయా (ఏపీ స్పెషల్ పోలీసు) అన్నది కూడా దరఖాస్తు నింపేటప్పుడు తేల్చుకునే సంగతి కాదు. సివిల్‌లో రోజూ జనంతో పని. ఫిర్యాదులు, సమన్లు, కోర్టు, పంచనామాలు. బెటాలియన్‌లో ఎక్కడ గొడవైతే అక్కడికి, ఎక్కడ ఎన్నికలుంటే అక్కడికి లారీ ఎక్కాలి. పిల్లలు ఒక ఊళ్లో పెరుగుతుంటారు, మీరు ఇంకో ఊళ్లో టెంటులో ఉంటారు.

సెలవుల మాట. వీక్లీ ఆఫ్ ఇస్తామని 2019లో ప్రభుత్వం ప్రకటించింది. సంతోషించాం. కానీ బందోబస్తు పడిందంటే ఆఫ్ ఉండదు. 2015 గోదావరి పుష్కరాలకు మా ఇంటిల్లిపాదీ వచ్చి స్నానం చేసి వెళ్లారు. నేను అదే ఊళ్లో, వేరే ఘాట్‌లో తాడు పట్టుకుని నిలబడ్డాను. వాళ్లను చూడనే లేదు. 2027లో మళ్లీ పుష్కరాలు. మీలో కొందరు అప్పటికి ఆ తాడు పట్టుకుంటారేమో.

ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా వెళ్తే నాకు నిద్ర పట్టదు. ఒక రాత్రి స్టేషన్‌లో సెంట్రీ డ్యూటీలో, అంటే కాపలాలో ఉన్నాను. పన్నెండు దాటాక ఒకావిడ చంటిబిడ్డతో వచ్చింది. భర్త కొట్టాడు, పెదవి చీలిపోయింది. ఊరి పేరు అడిగాను. మా పరిధి కాదు. ‘మీ స్టేషన్‌కు వెళ్లమ్మా’ అని పంపేశాను. ఆ వేళప్పుడు బస్సు లేదని నాకు తెలుసు. బిడ్డను భుజాన వేసుకుని రోడ్డు దిగి నడిచి వెళ్లిపోయింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఇప్పుడు జీరో ఎఫ్ఐఆర్ ఉంది. ఏ స్టేషన్‌కు వచ్చినా కేసు కట్టాల్సిందేనని 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలోనే రాశారు. నేరం జరిగిందని ఫిర్యాదులో కనబడుతుంటే కట్టి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. చట్టం మారింది, మంచిదే. కానీ అర్ధరాత్రి ఆ బల్ల వెనక కూర్చునే మనిషికి లేచి కుర్చీ వేయాలని అనిపించాలి కదా.

కొట్టడానికి వస్తున్నవాళ్లు ఉంటే మాత్రం దయచేసి రావద్దు. ఈ మాట గట్టిగానే అంటున్నాను. ఖాకీ వేసుకుంటే నలుగురూ భయపడతారని ఒక కుర్రాడు నాతోనే అన్నాడు. అరెస్టయినవాణ్ని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఇంట్లోవాళ్లకు కబురు చేయాలి. ఆ లోపల వాడు మీ చేతుల్లో ఉంటాడు. పైవాళ్లు ‘రెండు తగిలించు’ అంటారు. కొత్తగా చేరిన కానిస్టేబుల్ ‘వద్దు సార్’ అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అన్నవాళ్లకు లూప్‌లైన్ పోస్టింగులు, అంటే ప్రాధాన్యం లేని పోస్టులు పడ్డాయి. అయినా అన్నవాళ్లున్నారు. మీరు అనగలరా అన్నది ఇప్పుడే, ఈ కుర్చీలో కూర్చునే ఆలోచించుకోండి. అక్కడికి వెళ్లాక టైముండదు.

మీ చుట్టాల్లో కానిస్టేబుల్ ఉంటే ఆయన్ని అడగొద్దు, ఆయన బాగుంటుందనే అంటాడు. వాళ్లావిడను అడగండి, పోయిన దసరాకు ఆయన ఎక్కడున్నాడని.

ఇక మీరు మాట్లాడండి. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి ఇందాకటి నుంచీ చెయ్యెత్తుతోంది. అడుగమ్మా.