'ఇమ్యూనిటీ కషాయం' గొడవ: రాత్రి చర్చ

(విజయనగరం లోకల్ ఛానెల్ స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం)

యాంకర్: నమస్కారం. 'కషాయం తాగండి, డెంగ్యూని తరమండి' అని కోట జంక్షన్‌లో పెట్టిన బోర్డు మీద రగడ నడుస్తోంది. డాక్టర్ గారూ, ఒంట్లో ఇమ్యూనిటీ ఉంటే మంచిదే కదండీ?

డాక్టర్: మంచిదే. డెంగ్యూ దగ్గర మాత్రం లెక్క వేరు. ఆ వైరస్‌లో నాలుగు రకాలు. రెండోసారి వేరే రకం వస్తే మొదటిసారి ఒంట్లో తయారైన యాంటీబాడీలు, అంటే వైరస్‌ని పట్టే రక్షణ ప్రోటీన్లు, దాన్ని పట్టుకుంటాయి గానీ...

కషాయం వ్యాపారి: పట్టుకుంటాయని మీరే అంటున్నారు!

డాక్టర్: చెప్పనివ్వండి. పట్టుకుంటాయి, చంపలేవు. పైగా తెల్లకణాల్లోకి చేరవేస్తాయి. వైరస్ అక్కడే పెరుగుతుంది.

యాంకర్: మరి ప్లేట్‌లెట్లు ఎంతకి పడితే భయపడాలి?

వ్యాపారి: బొప్పాయాకు రసం ఉందండీ. కరోనాలో ఊరంతా మా కషాయమే తాగేరు. ఎవరికేటయింది?

డాక్టర్: కరోనాలో చాలామంది ప్రాణం మీదికి తెచ్చింది అదుపు తప్పిన ఇమ్యూనిటీయే. 2020లో బ్రిటన్‌లో 'రికవరీ' అనే మందుల పరీక్షలో, దాన్ని అణిచే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లకి లాభం కనపడలేదు.

వ్యాపారి: చూసేరా! స్టెరాయిడ్లు వాడేసి మా శొంఠి, మిరియాల మీద పడుతున్నారు.

రిటైర్డ్ హెల్త్ ఇన్‌స్పెక్టర్: బాబూ, దోమల మాట ఎవరూ ఎత్తరేటి? డెంగ్యూ దోమ పగలే కుడుతుంది. నీళ్ల తొట్టెలో, కూలర్‌లో, కొబ్బరి చిప్పలో గుడ్లు పెడుతుంది. మేం సర్వీసులో ఉండగా...

యాంకర్: దోమల మీద వేరే ప్రోగ్రాం చేద్దాం మాస్టారూ. ప్లేట్‌లెట్ల దగ్గరికి వద్దాం.

డాక్టర్: ఫిలిప్పీన్స్‌లో 2016లో బడిపిల్లలకి డెంగ్యూ టీకా వేశారు. అంతకుముందు డెంగ్యూ రానివాళ్లకి తర్వాత వస్తే తీవ్రమయ్యే ముప్పు ఉందని 2017లో కంపెనీయే చెప్పింది. కార్యక్రమం ఆపేశారు.

వ్యాపారి: అదీ! ముప్పు టీకాలతో, ఆకులతో కాదు. మొదట్నుంచీ నేనదే అంటున్నా!

డాక్టర్: అన్ని టీకాలూ అని నేనన్నానా?

(రెండు నిమిషాలు ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. వినిపించింది వ్యాపారి గొంతే.)

యాంకర్: ఒక్క ముక్కలో డాక్టర్ గారూ, ప్లేట్‌లెట్లు...

డాక్టర్: అంకె కాదండీ, జ్వరం తగ్గే రోజుల్లోనే జాగ్రత్త! రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, కారేది అప్పుడే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే వెంటనే ఆసుపత్రికి...

వ్యాపారి: జ్వరం తగ్గిందంటే కషాయం పనిచేసినట్టే కదా!

యాంకర్: అదీ పాయింటే. టైం అయిపోయింది. చివరి మాట మీరే చెప్పండి.

వ్యాపారి: సిరిమాను పండక్కి మూడులాంతర్ల దగ్గర స్టాల్ పెడుతున్నామండీ. పిల్లలకి బెల్లం కలిపింది వేరే ఉంది...