స్టేజీ ముందు కాదు, పీటల వెనక

నమస్కారమండీ. మన విజయవాడలో ఒక పెళ్లికి ఎంతమంది కెమెరావాళ్లు దిగుతున్నారో ఈ హాల్లో ఉన్న పెళ్లి ఫోటోగ్రాఫర్లు మీకు నేను చెప్పక్కర్లేదు. ట్రెడిషనల్ ఫోటో ఒకరు, ట్రెడిషనల్ వీడియో ఒకరు, పోజు లేకుండా తీసే క్యాండిడ్‌కి ఇద్దరు, సినిమాటిక్, డ్రోన్, ఆపైన లైట్లు పట్టుకునే కుర్రాళ్లు. అందరూ నిలబడేది ఒక్కచోటే, స్టేజీ ముందు. ముహూర్తం వేళకి ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లకి మన వీపులు తప్ప ఏమీ కనపడవు. తీరా ఆల్బమ్ చేతికొచ్చాక చూస్తే గుంటూరు పెళ్లీ గుడివాడ పెళ్లీ ఒక్కలాగే ఉంటాయి, మొహాలు తప్ప. మాకూ ఒక శైలి కావాలండీ అని అడిగే కుర్రాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ముందు ఆ గుంపులోంచి బయటికి రండి.

రంగుపొగలు, భవానీ ద్వీపంలో గౌను ఎగరేయడం, కొండపల్లి కోట మీద డ్రోన్ తిప్పడం, ఇవన్నీ ఒక సీజన్ ముచ్చట. ఒక్క నొక్కుతో ఫోటో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగు, అదే కొన్న ప్రీసెట్, దాని సంగతీ అంతే. సినిమా రంగులని చెప్పి పసుపుబట్టల్ని గోధుమరంగులోకి దించేశారనుకోండి, పెళ్లికూతురు తల్లి మొదట అడిగేది "పసుపేదీ?" అనే. ఆవిడ అడగడంలో తప్పేముంది?

జీలకర్ర-బెల్లం దగ్గర కాసేపు ఆగుదాం. సుముహూర్తమంటే మనకి అదే, తాళి కట్టేది ఆ తర్వాత. మధ్యలో అడ్డుతెర. గట్టిమేళం మొదలవగానే ఒకరి నెత్తిన ఒకరు చెయ్యి పెడతారు. అందరూ ఎదుటి నుంచి రెండు తలలూ రెండు చేతులూ ఒక ఫ్రేములో పెట్టి నొక్కేస్తారు. నేను పురోహితుడిగారిని ముందే అడిగి, పెళ్లికొడుకు భుజం వెనక కింద కూర్చుంటాను, 35 ఎంఎం లెన్సుతో. అక్కణ్ణించి తమలపాకు మీది ముద్ద కనపడుతుంది. కాస్త కారి, పాపిడి పక్కనించి చెవి దాకా తడి దిగుతూ ఉంటుంది. పూలజడ బరువుకి, బాసికం జారుతుందన్న భయానికి ఆ అమ్మాయి తల కదపదు. వెనకనించి ఏ పిన్నో మేనత్తో కర్చీఫు పట్టుకుని చెయ్యి చాపుతుంది. తెర దించగానే అందరి లెన్సులూ ఆ జంట కళ్ల మీదే ఉంటాయి. తెర పట్టుకున్నవాళ్ల మొహాలు ఒకసారి చూడండి, నాకైతే అవే ఎక్కువ ఇష్టం.

అయితే అక్కడ కూర్చోవాలంటే తంతు తెలియాలి. అన్ని ఇళ్లలో ఒకేలా జరగదు. కొందరిళ్లలో మేనమామలు గంపలో కూర్చోబెట్టి తెస్తారు, కొందరు నడిపించుకొస్తారు. కాశీయాత్ర కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. పెళ్లికి ముందే పురోహితుడిగారికి ఫోన్ చేసి ఇవన్నీ అడగండి. వాళ్లని ఎవరూ అడగరు కాబట్టి సంతోషంగా చెబుతారు.

ఇక వెలుతురు. 1996లో అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ ఎఫ్ కెనడీ జూనియర్ పెళ్లి అక్కడి కంబర్లండ్ దీవిలో, చిన్న చెక్క చర్చిలో కొవ్వొత్తుల వెలుగున జరిగింది. ఫోటోగ్రాఫర్ డెనిస్ రెజీ. బయటికొస్తూ వరుడు వధువు చేతిని ముద్దుపెట్టుకున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. అందులో పోజు లేదు. రెజీకి వెలుతురు తక్కువైతే మనకి ఎక్కువైంది. వెనక ఎల్‌ఈడీ తెర, మొహం మీద వీడియోవాళ్ల ఫోకస్ లైటు. ఆ లైటు ఒకవైపుకి తిప్పమని వీడియో అబ్బాయిని బతిమాలుకోండి, మొహంలో నీడ వస్తుంది. ఫోటోలో అడ్డచారలు పడుతుంటే షట్టర్ స్పీడు సెకనులో 1/50కో 1/100కో దించండి. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. ఎల్‌ఈడీ తెర లెక్క వేరు, దాన్ని అక్కడికక్కడే పరీక్షించి చూసుకోవాలి.

శైలి అనగానే కొందరు గ్రూపు ఫోటోలంటే చిన్నచూపు చూస్తారు. నాకు చెడ్డ కోపం వస్తుంది. తాతగారు పోయాక దండ వేసే ఫోటో చాలా ఇళ్లలో పెళ్లి గ్రూపులోంచి కత్తిరించిందే. కాబట్టి ప్రతి మొహమూ షార్పుగా, కళ్లు తెరిచి ఉండేలా, ఏ వంకరా లేకుండా తియ్యండి. చుట్టాల అప్పు తీరాక మీ ఇష్టం. తెల్లవారుజాము ముహూర్తమైతే వంటల దగ్గరికి వెళ్లండి, అంత మంచి వెలుతురు స్టేజీ మీద ఉండదు.

ఆల్బమ్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కరిజ్మా అనే పెద్ద షీట్ల ఆల్బమ్‌లో 12 బై 36 అంగుళాల షీటు ఇచ్చారు కదా అని అందులో పదిపన్నెండు ఫోటోలు కుక్కి మూలన గులాబీపువ్వు పెట్టే డిజైనరుతో పోట్లాడండి. అప్పగింతల ఫోటో ఒక్కటీ ఒక షీటంతా ఉండనివ్వండి.

బుకింగ్‌కి వచ్చినవాళ్లకి ఏరిన ఫోటోలు చూపించకండి. ఒక పెళ్లి మొదట్నించీ చివరిదాకా చూపించండి. కొందరు "అమ్మాయి నవ్వట్లేదేంటండీ ఇందులో" అని లేచిపోతారు. వాళ్లకి నచ్చేలా తీసేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు, నంబరు కూడా మీరే ఇవ్వండి. కూర్చున్నవాళ్లు మాత్రం పెళ్లిరోజు మిమ్మల్ని పీటల వెనక్కి రానిస్తారు.

ప్రొజెక్టర్ సిద్ధమైందట. పోయిన మాఘంలో గొల్లపూడిలో తీసిన పెళ్లి ఇది, ఆ ఇంటివాళ్లని అడిగే తెచ్చాను. ఏరలేదు, అన్నీ ఉన్నాయి, కొన్ని బాగోలేవు కూడా. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను. లైట్లు కొంచెం తగ్గించండమ్మా.