పొలమారకపోతేనే భయం

(నల్గొండలో రోగుల ఇంటివాళ్ల కోసం ఒక ఈఎన్‌టీ డాక్టర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

తింటూ పొలమారితే మన ఇళ్లల్లో నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నరు అంటాం. మెతుకు ఊపిరి గొట్టం వైపు దారి తప్పితే గొంతు దాన్ని దగ్గుతో తరిమేస్తుంది, అదే పొలమారడం. మెడ దగ్గర కోసి, ఊపిరి ఆడేందుకు నేరుగా ఊపిరి గొట్టంలోకి ట్రాకియాస్టమీ ట్యూబ్ వేసిన కొందరిలో ఈ కాపలా మొద్దుబారుతుంది. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారుతున్నా దగ్గు రాదు.

మన వైపు ఈ ట్యూబ్‌తో నేను ఎక్కువగా చూసేది హైవే మీద తలకు దెబ్బ తగిలినవాళ్లను, పురుగుల మందు తాగి చాలా రోజులు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లను.

ఒకసారి గొంతు ముడి మీద వేలు పెట్టి గుటక వేయండి. పైకి లేచి దిగింది కదా? అలా లేచేటప్పుడే ఊపిరి దారి మూసుకుంటుంది. ట్యూబ్ బరువుకి ఆ కదలిక తగ్గొచ్చు. ట్యూబ్ చుట్టూ లోపల గాలితో ఉబ్బించే చిన్న బెలూన్ ఉంటుంది, అది బాగా ఉబ్బితే వెనకున్న ఆహార గొట్టాన్ని నొక్కుతుంది. పైనుంచి గాలి ఆడక గొంతులో స్పర్శ కూడా తగ్గుతుంది. అట్లని నేరమంతా ట్యూబ్‌దే అనను. తల దెబ్బ, కండరాల నీరసం చేసే నష్టమే చాలాసార్లు ఎక్కువ.

ఒకామె నాతో సంతోషంగా, "రెండు చెంచాల చాయ్ పోసిన సార్, మంచిగ తాగిండు, దగ్గనే లేదు" అంది. కాసేపటికి సిస్టర్ ట్యూబ్‌లోంచి కఫం లాగే సక్షన్ పెడితే పైపులో చాయ్ రంగే వచ్చింది. ఆమెను ఏమనగలం? ముందే చెప్పకపోవడం మా తప్పు.

బెలూన్ ఉంది కదా, లోపలికి ఏం పోతది అనుకోకండి. అది స్వరపేటికకు కింద ఉంటుంది. అక్కడిదాకా నీళ్లు వచ్చాయంటే అప్పటికే దారి తప్పాయి, పక్కల నుంచి కిందికి జారతాయి కూడా. అందుకే ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి గుటక చూశాకే నోటితో పెట్టమంటాం. చాలామందికి కొబ్బరి నీళ్లకన్నా చిక్కటి జావే తేలిక. పల్చటివి గుటక మొదలవకముందే జారిపోతాయి.

మాట కోసం ట్యూబ్‌కి పెట్టే వాల్వ్ విషయంలో మాత్రం జాగ్రత్త. అది గాలిని లోపలికే పోనిస్తుంది, బయటికి గొంతులోంచే రావాలి. బెలూన్‌లో గాలి పూర్తిగా తీయకుండా అది పెడితే ఊపిరి బయటికి రాదు, ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో సొంతంగా ప్రయత్నించకండి.

నోటితో ఏం పెట్టకపోయినా ఉమ్మి లోపలికి పోతూనే ఉంటుంది. రోజూ నోరు శుభ్రం చేయండి. ఎలాగో సిస్టర్ చూపిస్తుంది, వెనకవాళ్లు ముందుకు రండి.