కొత్త కీర్తన ఎక్కడ్నించి వస్తుంది

అందరికీ వందనాలు. క్వయర్ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇవాళ మీతోనే పని.

ముందు నా సంగతి చెప్తాను. నేను కీబోర్డు వాయించే రోజుల్లో ఒకసారి సెమీ క్రిస్మస్‌కి కొత్త పాట కావాలన్నారు, టైం లేదు, ఆ ఏడాది ఎక్కడ చూసినా మోగుతున్న సినిమా పాట ఒకటి తీసుకుని ప్రియా అన్న చోటల్లా ప్రభువా అని పెట్టేశాను, సాయంత్రం నాలుగింటికి మొదలెట్టి ఆరింటికల్లా అయిపోయింది. జనం చప్పట్లు కొట్టేరు. మర్నాడు మా వీధిలో మామ్మగారు పిలిచి, "పాట బానే ఉంది బాబూ, రాత్రి మోకరిస్తే మాత్రం కళ్ళ ముందుకి ఆ హీరో వచ్చేడు" అన్నారు. ఎన్నేళ్ళయినా ఆ మాట నన్ను వదల్లేదు.

అలాగని బయట ట్యూన్ ముట్టుకుంటేనే పాపం అని నేననను. జర్మనీలో చర్చిని సంస్కరించిన మార్టిన్ లూథర్ గారు రాసిన క్రిస్మస్ పాట ఒకటి 1535లో జనం పాడుకునే పొడుపుకథ పాట వరసతోనే అచ్చయింది, 1539కి దానికి వేరే కొత్త వరస వచ్చేసింది, ఇవాళ్టికీ పాడేది ఆ కొత్తదే. హాస్లర్ అనే ఆయన 1601లో వేసిన ప్రేమ పాట వరస తర్వాత సిలువ పాటకి వచ్చింది, దాన్నే బాఖ్ అనే పెద్ద సంగీతకర్త మత్తయి సువార్త శ్రమల సంగీతంలో మళ్ళీ మళ్ళీ, ఒక్కోసారి ఒక్కో హార్మనీతో వాడేరు. ఇప్పుడది వింటే ఎవరికి ప్రేమ పాట గుర్తొస్తుంది చెప్పండి? వాళ్ళూ అరువు తెచ్చుకున్నారు, కానీ తెచ్చింది తెచ్చినట్టు వదల్లేదు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీయండి, పాటల పైన రాగం, తాళం రాసుంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు రాసినవి చూడండి, కీర్తన కట్టే పద్ధతి పాతదే, రాగాలు అందరివీ, అందులో పోసిన దుఃఖం, సంతోషం మాత్రం ఆయన సొంతం. మన డెల్టా వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే రాగం చేను లాంటిది, ఎవరైనా దున్నుకోవచ్చు, హిట్ పాట ఇంకొకళ్ళు పండించి కుప్పేసుకున్న పంట.

సినిమా మానేశాం అండీ అంటారు కొందరు, మానేసి విదేశీ వర్షిప్ పాటల ట్రాకులు దింపుకుంటున్నారు, గిటారూ అదే, ఆఖరికి పాడేటప్పుడు ఊపిరి తీసుకునే చోటు కూడా అదే. తెలుగు మాట ఆ ట్యూన్లో ఇరుక్కుని నలిగిపోతోంది, దీర్ఘం ఉండాల్సిన చోట పొట్టిగా, పొట్టిగా ఉండాల్సిన చోట సాగదీసి, నాకు నిజంగా బాధేస్తుంది. బొమ్మలూ అంతే, మన కేలెండర్ల మీద కాపరి యేసుకి ఇంకా నీలికళ్ళే.

పక్కనున్న నరసాపురం లేసు చూడండి. ఆ అల్లిక మిషనరీలు నేర్పిందే, ఇన్ని తరాలుగా మన ఆడవాళ్ళు అల్లీ అల్లీ ఇప్పుడది నరసాపురం పేరు మీదే దేశాలు తిరుగుతోంది.

"యెహోవామీద క్రొత్త కీర్తన పాడుడి" అని 96వ కీర్తన. కొత్తది అన్నాడు కదా, మనం వారం రోజులైనా కూర్చోవద్దా దాని కోసం?

ఆ మామ్మగారు వెనక వరసలోనే ఉన్నారు. చిన్నప్పుడు నాట్లేస్తూ పాడుకున్న వరస ఒకటి మొన్న నాకు పాడి వినిపించారు, ఫోన్లో రికార్డు చేశాను. మాటలు సగం మర్చిపోయారు, వరస మాత్రం చెక్కు చెదరలేదు. ఇప్పుడు పెడుతున్నాను, కీబోర్డు కట్టేసి వినండి.