నట్ ఎంత బిగించినా లీకు ఆగట్లేదా? ఓ-రింగు ఫిట్టింగ్ సంగతి చూద్దాం

నమస్తే అన్నలూ, తమ్ముళ్లూ. జేసీబీ అయినా పొక్లెయిన్ అయినా, హోస్ దగ్గర ఆయిల్ కారిందంటే మనవాళ్లు ముందు పెద్ద పానా తీసి ఇంకో చుట్టు బిగిస్తారు. ఆగకపోతే మరలకి టెఫ్లాన్ టేపు చుడతారు. ఓ-రింగు ఫిట్టింగ్ మీద ఈ రెండూ దండగే. తమ్ముడూ, కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురా.

ఇదిగో, దీన్ని ఓఆర్ఎఫ్ఎస్, అంటే ఓ-రింగ్ ఫేస్ సీల్ అంటారు. మూతి చదునుగా ఉంది, అందులో గాడి, గాడిలో నల్ల రింగు. హోస్ వైపు మూతి కూడా చదునే. ఈ రెండు మూతుల్నీ ఆనించి పట్టుకోవడమే నట్ పని. సీలు వేసేది రింగు. మరల్లోంచి ఆయిల్ వస్తోందంటే అది రింగుని ఎప్పుడో దాటేసింది, ఇక టేపు ఏం ఆపుతుంది? పైగా టేపు పోగు తెగి లోపలికి పోయి వాల్వ్ స్పూల్ (వాల్వ్ లోపల జరిగే కడ్డీ) దగ్గర ఇరుక్కుంటే ఆ ఖర్చు మీకే తెలుసు.

నట్ బిగించినప్పుడు రింగు కొద్దిగా నలిగి మొదటి సీలు పడుతుంది. తర్వాత లోపలి ఆయిల్ ఆ రింగుని గాడి బయటి గోడకేసి నెడుతుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ ఇంకా గట్టిగా ఆనుకుంటుంది. మెయిన్ లైన్లో 300 బార్ దాటినా ఇంత సన్న రబ్బరు నిలబడేది అందుకే. 1939లో అమెరికాలో ఓ-రింగు పేటెంటు పొందిన నీల్స్ క్రిస్టెన్సెన్ అసలు తెలివంతా గాడి కొలతలోనే ఉంది.

అందుకే "దగ్గర దగ్గరగా ఉంది, పెట్టెయ్" అంటే కుదరదు. అర అంగుళం ఓఆర్ఎఫ్ఎస్‌కి వచ్చే రింగు మందం 1.78 మిల్లీమీటర్లు. డబ్బాలో దొరికిందని 2 మిల్లీమీటర్లది పెడితే గాడిలో పట్టక మూతుల మధ్య నలిగి తెగుతుంది.

పాత రింగు పారేయకండి, తిప్పి చూడండి. ఒకవైపు బల్లపరుపుగా అయి గట్టిపడితే వేడికి ఉడికింది, లేదా వయసు అయిపోయింది. అంచు ఎలుక కొరికినట్టుంటే నట్ వదులై, మూతుల మధ్య సందులోకి ప్రెషర్ నెట్టింది. ఒక్కచోటే తెగితే బిగించేటప్పుడు గాడిలోంచి జారింది. కొంచెం గ్రీజు రాసి కూర్చోబెడితే జారదు. ఉబ్బి మెత్తబడితే రబ్బరు రకమే తప్పు. మామూలు హైడ్రాలిక్ ఆయిల్‌కి నైట్రైల్, వేడి ఎక్కువైతే వైటాన్. ఈపీడీఎం రబ్బరు ఈ ఆయిల్లో ఉబ్బిపోతుంది. చూడ్డానికి మాత్రం అన్నీ నలుపే, షాపులో అడిగి తీసుకోండి.

ఇంకో చిక్కు. పంపుకో వాల్వ్ బ్లాక్‌కో ఎక్కించే ఓఆర్‌బీ ఫిట్టింగ్‌లో రింగు మరల మొదట్లో ఉంటుంది, పోర్టు మూతి దగ్గర ఏటవాలు చెక్కులో కూర్చుంటుంది. దీని 8వ సైజు మర ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు. జేఐసీ (కోను మూతి ఫిట్టింగ్) 8వ సైజుదీ అదే మర! కాబట్టి జేఐసీ నిపుల్ ఈ పోర్టులోకి హాయిగా ఎక్కుతుంది. దాని సీలు మాత్రం మూతి దగ్గరి 37 డిగ్రీల కోను మీద, ఈ పోర్టులో ఆ కోను ఆనే చోటే లేదు. పోర్టు దగ్గర ఆపేవాడే లేడు. నాకైతే ఇంతకన్నా మోసపు జత ఇంకోటి కనిపించలేదు.

విప్పేముందు బూమ్, బకెట్ నేలకి దించి, ఇంజిన్ ఆపి, లివర్లు అటూ ఇటూ కదిపి ప్రెషర్ వదలండి. లీకు ఎక్కడో చేత్తో తడమొద్దు, అట్టముక్క పెట్టి చూడండి. సన్న ధార చర్మంలోకి దూరితే సూది గుచ్చినంతే కనిపిస్తుంది. నొప్పి లేదని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, హైడ్రాలిక్ ఆయిల్ దూరిందని డాక్టరుకి చెప్పండి.

బిగించేటప్పుడు రెండు పానాలు పట్టండి, లేదంటే నట్‌తో పాటు హోస్ మెలిపడుతుంది. ఓఆర్‌బీ ఎల్బో అయితే ముందు లాక్ నట్‌ని పూర్తిగా వెనక్కి తిప్పండి. వాషర్ పోర్టుకి ఆనేదాకా చేత్తో ఎక్కించండి. హోస్ ఎటు పోవాలో అటు ఎల్బోని వెనక్కి తిప్పండి, ఒక్క చుట్టు దాటకుండా. ఎల్బోని ఒక పానాతో కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించేయండి.