మైనస్ ఇరవైలో రాని కొంకర్లు సెమిలిగూడలో ఎందుకొచ్చాయి?

హాయ్ అండీ! ఈసారి వీడియో కెనడాలోని ఎడ్మంటన్ నుంచి కాదు, ఒడిశాలో కోరాపుట్ జిల్లా సెమిలిగూడలో మా పెద్దమ్మ వాళ్లింటి నుంచి. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి వస్తే చలి మొదలైపోతుంది. ఫోన్‌లో పొద్దున్న 8 డిగ్రీలు. పెరట్లో అంట్లు తోముతుంటే నా చేతులు కొంకర్లు పోయాయి. గిన్నె పట్టు దొరకడం లేదు.

"మంచు దేశంలో ఉంటావు, దీనికే ఇలాగైపోతే ఎలాగే?" అని పెద్దమ్మ నవ్వు.

నిజానికి అక్కడ మేం చలిలో ఉండేది కారు దాకా నడిచేంత సేపే. ఇంట్లో హీటర్. ఇక్కడ ఇల్లూ చల్లనే, గచ్చూ చల్లనే, ట్యాంకు నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. గాలి కంటే నీరు సుమారు 25 రెట్లు బాగా వేడిని మోసుకుపోతుంది మరి.

చలి తగలగానే వేళ్లలోని సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. గుండె, మెదడు వెచ్చగా ఉండాలంటే వేళ్లకు రక్తం తగ్గాల్సిందే, అదీ శరీరం లెక్క. అయితే వేళ్లను పూర్తిగా వదిలేయదు. ఐస్ నీళ్లలో వేలు ముంచితే 5 నుంచి 10 నిమిషాల్లో నాళాలు కాసేపు తెరుచుకుంటాయి, మళ్లీ మూసుకుంటాయి. 1930లో థామస్ లూయిస్ అనే బ్రిటిష్ డాక్టర్ ఇది రాశాడు. చల్లనీళ్లలో రోజూ పనిచేసేవాళ్లలో ఈ తెరుచుకోవడం త్వరగా వస్తుందంటారు. పెద్దమ్మ చేతులు చూస్తే నాకు నమ్మబుద్ధేస్తుంది!

అసలు బాధ తర్వాత. రక్తం తిరిగి వస్తుంటే సూదులు గుచ్చినట్టు సలుపు. అప్పుడు కుంపటి మీద చేతులు పెట్టేయాలనిపిస్తుంది, పెట్టకండి. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు, కాలాక తెలుస్తుంది. గోరువెచ్చని నీళ్లు చాలు, లేదంటే చంకల్లో పెట్టుకోండి. గట్టిగా రుద్దడం కూడా వద్దు. చలిలో ఉన్న పాదాలను ఒక్కసారిగా వేడి చేస్తే కొందరికి వేళ్లు ఎర్రగా ఉబ్బి, ఒకటే దురద.

మా వదినది ఇంకో రకం. వేళ్లు పాలిపోయి తెల్లబడతాయి, తర్వాత నీలం, వెచ్చబడ్డాక ఎరుపు. 1862లో పారిస్‌లో మారిస్ రేనో అనే డాక్టర్ దీన్ని వర్ణించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. టెన్షన్ పడ్డా వస్తుంది, సిగరెట్టయితే ఇంకా ఎక్కువ చేస్తుంది. చాలామందికి ప్రమాదం ఉండదు. కానీ ఒక్క చేతికే వచ్చినా, వేళ్ల చివర పుండ్లు పడినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

వదినకి మంచి గ్లవ్స్ కొందాం, కోరాపుట్ వెళ్దాం అన్నాను. పెద్దమ్మ అడ్డుపడింది: "ముందు దానికి స్వెటర్ కొను. ఒళ్లు వణుకుతుంటే చేతికి తొడుగులెందుకు?"

పెద్దమ్మదే కరెక్టండీ. ఛాతీ, పొట్ట వెచ్చగా ఉంటేనే శరీరం వేళ్లకు రక్తం ధారాళంగా వదులుతుంది.